ఇల్లు లేని కుటుంబాన్ని విడదీయకుండా ఆదుకుందాం



ముద్దనూరు నుండి తొండూరు మీదుగా పులివెందులకు వెళ్లే దారిలో రోడ్డు పక్కన పట్ట కప్పుకొని బతికే కుటుంబాలను మీరు చూసే ఉంటారు. శనగ కోతలకు, పత్తి తీతకు, ఇటుకల బట్టీలకు, నాపరాళ్ల గనులకు పనికోసం వచ్చినవాళ్లు కొందరు. అద్దె కట్టలేక బయటికి వచ్చినవాళ్లు కొందరు. వారితో పాటు చంకలో బిడ్డ, కొంగు పట్టుకొని ఇంకో బిడ్డ ఉంటారు. అలాంటి కుటుంబానికి మనం ఎలా సాయపడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇల్లు పోవడం ఎవరికైనా జరగవచ్చు

ఇల్లు లేనివాళ్లంటే సోమరులని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు వాళ్లు తరాల నాటి ఇండ్లు వదిలి కదలవలసి వచ్చింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున ఉన్న పల్లెల్లో ఇండ్లు కొట్టుకుపోయాయి. ఆ ముందురోజు వరకు వాళ్లూ మనలాగే తలుపు వేసుకొని పడుకున్నవాళ్లే. వరద ఒక్క రాత్రిలో చేసిన పనిని అప్పు, జబ్బు, కరువు మెల్లగా చేస్తాయి.

పిల్లలకు కలిగే ముప్పు

పెద్దవాళ్లు ఓర్చుకోగలిగినా అయిదేళ్లలోపు పిల్లలు ఓర్చుకోలేరు.

మంచి నీళ్లు, మరుగుదొడ్డి లేనందున విరేచనాలు తరచుగా వస్తాయి. మంచుకు, పొయ్యి పొగకు దగ్గు, నిమోనియా వస్తాయి. ఎండాకాలం పట్ట కింద వేడి భరించలేనంతగా ఉంటుంది. నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కట్లపాము కరిచే ప్రమాదం ఉంది. పొయ్యి పక్కనే ఆడుకుంటూ బిడ్డలు కాల్చుకుంటారు. ఊరు మారుతూ ఉండడం వల్ల టీకాలు మధ్యలో ఆగిపోతాయి.

"పిల్లలనైనా ఆశ్రమంలో వేస్తే మేలు కదా?"

మంచి మనసుతోనే చాలామంది ఈ మాట అంటారు. కాని ఆలోచించండి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే ఆహారం, తల్లిపాలే మందు. రెండు మూడేళ్ల బిడ్డకు అమ్మానాన్నలే ఇల్లు. గోడలు లేని బిడ్డకు వాళ్లను కూడా లేకుండా చేస్తే నిద్ర, తిండి, మాట అన్నీ దెబ్బతింటాయి.

మన చట్టం కూడా ఇదే చెబుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను పెంచే మొదటి బాధ్యత కుటుంబానిది. సంస్థలో చేర్చడం వేరే దారి లేనప్పుడు చేయవలసిన చివరి పని. పేదరికానికి మందు విడదీయడం కాదు, ఆదుకోవడం. అయితే బిడ్డను కొట్టి హింసించడం, పనిలో పెట్టడం, అమ్మజూడడం కంటబడితే ఆలస్యం చేయకుండా 1098కి ఫోన్ చేయండి.

మీరు చేయగలిగినవి

1. ముందు పలకరించండి. "అక్కా, యా ఊరు మీది? బిడ్డకు పాలు సరిపోతున్నాయా?" అని అడగండి. ఏమి కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. తినుబండారాలు, బట్టలు తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. బిడ్డల ముందు వాళ్ల గౌరవం నిలబడుతుంది. ఫోటోలు తీయవద్దు.

2. నీళ్లు, మరుగు ఇవ్వండి. మీ బోరు దగ్గర రెండు బిందెలు పట్టుకోనివ్వండి. ఆడవాళ్లు స్నానం చేయడానికి చాటు చూపించండి.

3. అందరూ ఒకేచోట పడుకునే చోటు చూడండి. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు 100 మంది పట్టే వసతి గృహం ఉండాలని సుప్రీం కోర్టు 2010లో ఆదేశించింది. ఆ ఆదేశం నగరాలకే. మన పల్లెల్లో ఆ పని ఊరివాళ్లే చేయాలి. ఖాళీగా ఉన్న రేకుల షెడ్డు, సామాజిక భవనం వరండా అయినా మేలే. ఒక దోమతెర ఇచ్చి, అంచులు పరుపు కిందికి మడిచి పెట్టమనండి. దోమలతో పాటు పాముల నుండి కూడా అది కాపాడుతుంది.

4. అంగన్‌వాడీకి, టీకాలకు వెంట తీసుకెళ్లండి. "పొండి" అని చెప్పడం కంటే వెంట పోవడం మేలు. ఆశా కార్యకర్తతో మాట్లాడండి. టీకా కార్డు పోయినా ఫరవాలేదు. ఆగిపోయిన టీకాలను ఆగినచోటి నుండి కొనసాగిస్తారు. మళ్లీ మొదటి నుండి వేయనవసరం లేదు.

5. బడికి పంపించండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు.

6. కాగితాల సంగతి చూడండి. బియ్యం కార్డు ఉన్నవారు ఏ ఊరిలో ఉన్నా దగ్గరి చౌక దుకాణంలో తమ వాటా తీసుకోవచ్చు. బిడ్డ పుట్టిన 21 రోజులలోపు జనన నమోదు ఉచితం.

7. తిరిగి ఇంటిలో చేరే దారి వెదకండి. చాలామందికి అడ్డుపడేది నెల అద్దె కాదు, ముందుగా అడిగే అడ్వాన్సు. నలుగురు కలిసి ఆ మొత్తం పోగుచేసి, ఇంటి యజమానితో మాటసాయం చేస్తే ఒక కుటుంబం తలుపు ఉన్న గదిలోకి చేరుతుంది. తల్లికి, తండ్రికి నిలకడైన పని చూపించగలిగితే అది ఇంకా పెద్ద సాయం.

విరేచనాలు పట్టుకుంటే

ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు మంచి నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాపించమని చెప్పండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు. ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన జింకు బిళ్లలు విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి.

వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన గుర్తులు

* బిడ్డ పాలు తాగలేకపోవడం, ఏది తాగినా కక్కడం
* మత్తుగా పడి ఉండడం, ఫిట్సు రావడం
* పక్కటెముకల కింద గుంటలు పడడం
* ఎగశ్వాస: రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేక అంతకు మించి ఊపిరి తీయడం
* కళ్లు గుంటలు పడడం, విరేచనంలో రక్తం
* పాము కాటు, కాలిన గాయాలు

108కి ఫోన్ చేయండి. తల్లిని బిడ్డతోనే పంపండి. మిగిలిన పిల్లలను ఆ పూట ఎవరు చూసుకుంటారో కూడా అడగండి. వాళ్లను చూసుకునేవారు లేకనే చాలామంది తల్లులు ఆసుపత్రికి రావడానికి వెనకాడుతారు.

కలిసి మాట్లాడుకోండి

1. మన ఊరి చుట్టూ ఇల్లు లేక ఉంటున్న కుటుంబాలు ఎన్ని? వారిలో అయిదేళ్లలోపు పిల్లలు ఎంతమంది?
2. ఈ పిల్లలకు అంగన్‌వాడీ తిండి, టీకాలు అందుతున్నాయా?
3. వానొచ్చిన రాత్రి ఒక కుటుంబమంతా కలిసి తలదాచుకునే చోటు మన ఊరిలో ఎక్కడ ఉంది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

మూడో ప్రశ్నకు జవాబు వాన రాకముందే తెలిసి ఉండాలి.