అత్తమ్మ సోలకు ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మా అత్తమ్మ మామిడికాయ తొక్కు లెక్కంతా సోలల్లోనే చెబుతుంది. నేను మేడ్చల్‌లో కారం, ఉప్పు, ఆవపిండి కిలోల్లో కొంటాను. సోల అంటే ఎన్ని గ్రాములు?
– ఒక గృహిణి, అత్వెల్లి

జవాబు: దేనితో నింపిన సోల అన్నది ముందు చెప్పాలమ్మా! సోల చోటును కొలుస్తుంది, త్రాసు బరువును. 240 మిల్లీలీటర్ల కప్పులో బియ్యం సుమారు 200 గ్రాములు, నూనె 220 పడతాయి. జల్లించిన మైదా 120 దగ్గరే ఆగిపోతుంది. పైగా నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ అన్న లెక్క ఒకటే అయినా, సోల సైజు ఊరూరికీ వేరు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు కూడా 180 మిల్లీలీటర్లే, దాన్ని మామూలు కప్పు అనుకోకండి.

అందుకే అత్తమ్మ సోలనే అడిగి తెచ్చుకోండి. ఖాళీగా త్రాసు మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే దాదాపు అన్ని మిల్లీలీటర్లు. తర్వాత బాగా తుడిచి ఆరబెట్టండి. తొక్కుకు తడి పనికిరాదు.

అసలు తంటా ఉప్పుతోనే. ఆమె కొలిచింది దొడ్డుప్పు అయితే గల్లుల మధ్య గాలి ఉంటుంది. అదే సోల నిండా మెత్తటి ఉప్పు పోస్తే బరువు పెరిగి తొక్కు ఉప్పు కషాయమవుతుంది. దొడ్డుప్పు సోలను ఒకసారి తూచి, మెత్తటిది అంతే బరువు వేయండి. కారం, ఆవపిండి కూడా అంతే: నొక్కి నింపేదా, వదులుగానా, గోపురంగానా? ఆమె చేత్తోనే పోయించి తూచుకోండి.