కొండదారి పరుగు - తొలి పాఠాలు



వార్షికోత్సవ సంచిక అనగానే పెద్దవాళ్లం చదువు గురించి, ఉద్యోగాల గురించి రాస్తాం. ఈసారి మేము పరుగు గురించి రాయాలనుకున్నాం. అది గ్రౌండులో గీతల మధ్య పరుగు కాదు. కొండలు, గుట్టల మీద మట్టిబాటల్లో, రాళ్ల దారుల్లో చేసే పరుగు. దీన్నే ట్రయిల్ రన్నింగ్ అంటారు. దీనికి స్టేడియం అక్కరలేదు, ఫీజు అక్కరలేదు. అయితే నేర్చుకోకుండా దిగితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

మేము పదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఏడుగురం ఎవరికీ చెప్పకుండా హాస్టలు వెనుక గుట్ట మీదికి పందెం వేసుకున్నాం. ఆయాసపడుతూనే అందరం పైకి చేరాం. దిగేటప్పుడు మళ్లీ పందెం! సగం దారిలో గులకరాళ్ల మీద మాలో ఒకడి కాలు జారింది. మడమ పక్కన గుమ్మడికాయలా వాచింది. వంతులవారీగా వీపున మోసుకుని కిందికి తెచ్చాం. రెండు వారాల్లో జిల్లా ఆటల ఎంపికలు ఉన్నాయి. ఏడాదంతా వాటి కోసమే సాధన చేసినవాడు మంచం మీద ఉండిపోయాడు. వార్డెన్ సారు మమ్మల్ని కొట్టలేదు. "ఎక్కడం మీకు మీరే నేర్చుకున్నారు. దిగడం ఎవరు నేర్పాలిరా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తే. ఆ రోజు పడ్డవాడు కూడా ఈ వ్యాసం రాస్తున్న మాలో ఒకడు.

ముందు నేల మీద

చదును నేల మీద ఆగకుండా 30 నిమిషాలు మెల్లగా పరుగెత్తగలిగాకే కొండవైపు చూడాలి. మెల్లగా అంటే ఎంత? పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైందని అర్థం. వాచీ లేకపోయినా ఈ పరీక్ష చాలు.

కొండ లెక్క వేరు

కొండ మీద కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో నడిచేవారి కోసం ఒక సులువైన లెక్క చెప్పాడు. ప్రతి 3 మైళ్ల దూరానికి ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు అదనంగా మరో గంట. అంటే 3 మైళ్ల దారిలో 1,000 అడుగులు ఎక్కాల్సి వస్తే గంటన్నర పడుతుంది. బయలుదేరే ముందే ఈ లెక్క వేసుకుంటే చీకటి పడకముందే ఇల్లు చేరతాం. సాధన కూడా దూరంతో కాదు, నిమిషాలతో కొలుచుకోండి.

ఎక్కేటప్పుడు

నిటారు దారిలో నడవడం సిగ్గుపడే పని కాదు. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మీదుగా మోబ్లాఁ పర్వతం చుట్టూ 2003 నుండి ఒక పెద్ద పరుగుపందెం జరుగుతోంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు మొత్తం సుమారు 10,000 మీటర్లు. అందులో పేరున్న పరుగువీరులు కూడా నిటారు చోట్ల నడుస్తారు. అడుగులు చిన్నవిగా వేయండి. మరీ నిటారైతే అరచేతులు తొడల మీద ఆనించి నెట్టుకుంటూ నడవండి.

దిగేటప్పుడు

అసలు పాఠం ఇదే. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అందుకే ఆయాసం తక్కువగా ఉన్నా మర్నాడు, మూడోనాడు తొడలు పట్టేస్తాయి. మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచండి. పొట్టి అడుగులు, త్వరత్వరగా వేయండి. భయంతో వెనక్కి వాలితే మడమ జారుతుంది. చూపు పాదాల మీద కాదు, మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి. చేతులు కాస్త చాచితే తూకం నిలుస్తుంది. ముందువాడికి, మీకు మధ్య బాగా ఎడం ఉంచండి. దిగేటప్పుడు పందెం వద్దే వద్దు.

బూట్లు లేవని ఆగవద్దు

మెక్సికో కొండల్లో ఉండే రరామురి తెగవారు దూరపు పరుగులకు పేరుపడ్డవారు. ఆ తెగకు చెందిన లొరెనా రమీరెజ్ అనే అమ్మాయి 2017లో 50 కిలోమీటర్ల కొండ పరుగులో మహిళల్లో మొదటి స్థానం గెలిచింది. కాళ్లకు ఉన్నవి రబ్బరు చెప్పులు, ఒంటి మీద లంగా. అయితే ఆమె పాదాలు చిన్ననాటి నుండి ఆ దారులకు అలవాటుపడ్డవి. మనం స్కూలు కాన్వాసు బూట్లతో మొదలుపెట్టవచ్చు. అడుగు భాగం అరిగి నున్నబడితే మాత్రం కొండకు పనికిరావు. కాలిగోళ్లు కత్తిరించుకుని, లేసులు గట్టిగా కట్టుకోండి.

ఎనిమిది వారాల పట్టిక

1, 2 వారాలు: వారానికి మూడు రోజులు చదును నేల మీద 30 నిమిషాల పరుగు.
3, 4 వారాలు: అందులో ఒక రోజు గుట్ట ఎక్కడం, దిగడం. రెండూ నడకే.
5, 6 వారాలు: ఎక్కేటప్పుడు నడక, చదునుగా ఉన్నచోట పరుగు, దిగేటప్పుడు నడక.
7, 8 వారాలు: వాలు తక్కువగా ఉన్నచోట మెల్లగా దిగే పరుగు.

కొండ ఎక్కిన మర్నాడు విశ్రాంతి తప్పనిసరి.

మరువరాని జాగ్రత్తలు

ఒంటరిగా వెళ్లవద్దు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో వార్డెన్ గారికి చెప్పి వెళ్లండి. నీళ్లు, ఒక ఈల, కాస్త పల్లీలు, బెల్లం వెంట ఉంచుకోండి. బాగా చెమట పట్టిన రోజున లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకుని తాగండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉరుము వినబడితే గుట్ట కొన మీద గాని, ఒంటరి చెట్టు కింద గాని నిలబడకుండా దిగిపోండి. కాలు బెణికితే పరుగు ఆపేయాలి. లాగించడం, పిసికించడం వద్దు. చల్లని తడిగుడ్డ చుట్టి, కాలు ఎత్తులో ఉంచండి. కాలు మోపలేకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

చివరగా ఒక మాట. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారి శిక్షణ భువనగిరి రాతికొండ మీద మొదలైంది. మనలాంటి పిల్లలే! ఎవరెస్టు ఎక్కినందుకే కాదు, క్షేమంగా దిగి వచ్చినందుకు కూడా వారిని తలచుకుందాం.

కట్టెల కోసం, పశువుల కోసం గుట్టలెక్కిన కాళ్లు మనవి. ఆ బలం మనకు ముందే ఉంది, ఓపిక ఒక్కటే నేర్చుకోవాలి. కొండ కొనకు చేరితే సగం పరుగే అయినట్టు. అందరూ హాస్టలు గేటు దగ్గర తిరిగి కలిసి, తలలు లెక్క చూసుకున్నప్పుడే అది పూర్తి అవుతుంది.

మీ అన్నలు,
పూర్వ విద్యార్థులం