మా ఊరికి గోడ, పక్క ఊరికి కోత
సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: ఏటా సముద్రం మా ఊరి ఇళ్లను కోసుకుపోతోంది. తీరం పొడవునా రాళ్ల గోడ కట్టించాలని పంచాయతీలో తీర్మానం చేశాం. ఉత్తరం వైపున్న పక్క పంచాయతీ వాళ్లు ఒప్పుకోవడం లేదు. మా ఇళ్లు పోతుంటే వాళ్లకేమిటి అభ్యంతరం?
– ఒక వార్డు సభ్యురాలు, కాకినాడ జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఆవేదన న్యాయమైనదే. తుపాను వచ్చినప్పుడల్లా ఉప్పాడ రోడ్డు తెగిపోవడం, గోడలు కూలిన ఇళ్ల ముందు సామాన్లు పెట్టుకుని జనం కూర్చోవడం చూసినవాళ్లెవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కానీ పక్క ఊరి భయం కూడా నిజమే.

మన తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే మాత్రం ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. మధ్యలో ఏ కట్టడం అడ్డుపడినా దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. చెన్నై రేవు కట్టాక మెరీనా బీచ్ వెడల్పయింది, రాయపురం వైపు తీరం కరిగిపోయింది. విశాఖ ఔటర్ హార్బర్ దగ్గర ఆగిపోయే ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్‌కే బీచ్‌కు చేర్చాల్సి వస్తోంది.

మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది పుదుచ్చేరి సంగతి. 1980ల చివర అక్కడ హార్బర్ గోడలు వచ్చాక పట్టణం ముందున్న బీచ్ మాయమైంది. పట్టణాన్ని కాపాడుకోవడానికి రాళ్లు పోశారు. దాంతో కోత ఇంకా ఉత్తరానికి జరిగి, తమిళనాడు పరిధిలోని బొమ్మయార్‌పాళెం వంటి మత్స్యకార గ్రామాల మీద పడింది. ఆ ఊళ్లది వేరే రాష్ట్రం, వేరే జిల్లా, వేరే పంచాయతీలు. పుదుచ్చేరిలో ఏ నిర్ణయం జరిగినా వాళ్లను అడిగే ఏర్పాటు లేదు. తర్వాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున కృత్రిమ రీఫ్ కట్టడంతో పట్టణం ముందు కొంత బీచ్ తిరిగి ఏర్పడింది. ఒక తరం పాటు ఆ ఊళ్లు పోగొట్టుకున్న ఇళ్లను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అందుకే మీ తీర్మానాన్ని రద్దు చేయమనడం లేదు, పక్క పంచాయతీతో కలిసి మళ్లీ రాయండి అంటున్నాను. గోడ కట్టాక కోత ఎక్కడికి జరుగుతుంది, అక్కడి ఇళ్లకు ఎవరు బాధ్యత వహిస్తారు అనే రెండు ప్రశ్నలకు ఇంజనీర్ల నుంచి రాతపూర్వకంగా జవాబు అడగండి. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల ఊళ్లు వదిలిన వారి పునరావాసానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది. అంటే ఇది ఒక్క ఊరి మొర కాదు, దేశం గుర్తించిన సమస్య. రెండు ఊళ్లూ ఒకే అర్జీతో వెళ్తే దాని బరువే వేరు.

ప్రశ్న: పంచాయతీలు, మున్సిపాలిటీ కలిసి పనిచేయడానికి చట్టంలో దారి ఉందా? సమావేశాల్లో అందరూ తలలూపుతారు, తర్వాత ఎవరి ఫైలు వారిదే.
– ఒక సర్పంచ్, కృష్ణా జిల్లా

సమాధానం: ఉంది. రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక కమిటీ ఉండాలి. పంచాయతీల, మున్సిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లా ముసాయిదా తయారు చేయడం దాని పని. స్థల వినియోగం, నీరు, ఇతర సహజ వనరుల పంపకం, రోడ్ల వంటి సదుపాయాల ఉమ్మడి అభివృద్ధి, పర్యావరణ పరిరక్షణ, ఇవన్నీ అది చూడాలని అందులోనే రాసి ఉంది. సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగు వంతులు ఎన్నికైన స్థానిక ప్రతినిధులే. తీరప్రాంతానికి ఇంతకంటే సరిపోయే వేదికను నేనైతే ఊహించలేను. మన రాష్ట్రంలో 2005లో దీనికి చట్టం కూడా చేశారు. దాన్ని ఆచరణలో గట్టిగా వాడుకోకపోవడమే నన్ను బాధపెట్టే విషయం.

మీరు చేయగలిగింది ఇది. వచ్చే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేపల మార్కెట్, ఐస్ ప్లాంటు, మురుగు కాల్వ వంటి ఉమ్మడి పనులను పక్క పంచాయతీలతో మాట్లాడుకుని, అందరూ ఒకే మాటల్లో రాయండి. నాలుగు పంచాయతీల కాగితాల్లో ఒకే పని కనిపిస్తే జిల్లా ప్రణాళిక కమిటీ పక్కన పెట్టడం కష్టం.

ప్రశ్న: నేను బ్రిటన్‌లోని స్వాన్సీలో చదువుతున్నాను. ఇక్కడ నాలుగు కౌన్సిళ్లు కలిసి ఒప్పందం చేసుకున్నాయని విన్నాను. మనకు పనికొస్తుందా?
– ఒక విద్యార్థి

సమాధానం: స్వాన్సీ, కార్మార్థన్‌షైర్, నీత్ పోర్ట్ టాల్బట్, పెంబ్రోక్‌షైర్ కౌన్సిళ్ల ఒప్పందం అది. 2017 మార్చిలో సంతకాలయ్యాయి. మొత్తం సుమారు 130 కోట్ల పౌండ్ల పెట్టుబడి లక్ష్యం. ఉమ్మడి కమిటీలో నాలుగు కౌన్సిళ్ల నాయకులూ కూర్చుంటారు. డబ్బుకు జవాబుదారీ మాత్రం ఒక్క కార్మార్థన్‌షైర్ కౌన్సిల్‌ది. నిర్ణయం అందరిదీ, లెక్క చెప్పాల్సింది ఒకరు. మనం తెచ్చుకోవాల్సింది ఈ పద్ధతినే. అయితే అక్కడా తొలి నిధులు విడుదల కావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. కమిటీ వేయగానే పనులు మొదలవుతాయని మీ ఊళ్లో ఎవరికీ మాటివ్వకండి.

ప్రశ్న: మేం చేపలు ఎండబెట్టుకునే ఇసుక మీద రిసార్టు వస్తుందంటున్నారు. మా ఊరు బాగుపడుతుందని మగవాళ్లు సంతోషిస్తున్నారు. మా మాటెవరూ అడగలేదు.
– డ్వాక్రా సంఘ సభ్యులు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ముందుగా పంచాయతీలో తీరప్రాంత నిర్వహణ ప్రణాళిక మ్యాపు చూపించమని అడగండి. 2019 తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో ఆటుపోటు గరిష్ఠ రేఖ నుంచి 200 మీటర్ల వరకు, జనసాంద్రత బాగా ఎక్కువున్న చోట్ల 50 మీటర్ల వరకు నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. మత్స్యకారులు చేపలు ఎండబెట్టే స్థలాలకు, వలలు బాగుచేసుకునే చోట్లకు మాత్రం ఆ పరిధిలోనూ చోటుంది. మీ ఎండబెట్టే ఇసుక ఆ మ్యాపులో గుర్తించి ఉందో లేదో చూడండి. లేకుంటే గ్రామసభలో మీరే లేచి అడిగి, తీర్మానంలో రాయించండి.

పర్యాటకం వద్దని నేననను. కానీ ఎండు చేపల ఆదాయం ఆడవాళ్ల చేతికొస్తుంది, పిల్లల ఫీజులు అందులోంచే వెళ్తాయి. రిసార్టు జీతం ఎవరి చేతికి వస్తుందో, ఎంతమందికి వస్తుందో కాగితం మీద రాయకుండా ఒప్పుకోవద్దు. పార్కింగు రుసుములో, దుకాణాల అద్దెల్లో మీ పంచాయతీకి, పక్క పంచాయతీకి ఎంతెంత అన్నది కూడా పునాది తీయకముందే తేల్చుకోవాలి. పక్క ఊరి డ్వాక్రా సంఘాలకు కూడా ఈ వారంలోనే కబురు పంపండి, వాళ్ల ఇసుకా అదే తీరంలో ఉంది.