సీసపు టోపీ

గుడియాత్తం నేతపనికి పేరుపొందిన పట్టణం. తమిళనాడులోని వేలూరు జిల్లాలో, కౌండిన్య నది ఒడ్డున ఉంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దగ్గర కావటంతో ఇక్కడి వీథుల్లో తెలుగు మాట కూడా వినిపిస్తుంది. పెద్ద జబ్బు చేస్తే ఈ ప్రాంతంవారు వేలూరు వెళ్లటం పరిపాటి.

ఒకప్పుడు వైద్యమే వేలూరు నుండి గుడియాత్తం దారిన వచ్చేది. 1900లో ఒకే ఒక్క మంచంతో వేలూరులో వైద్యసేవ ప్రారంభించిన ఐడా స్కడ్డర్, తరవాత మోటారుకారులో మందులు వేసుకొని వచ్చి, దారిపక్క చెట్లనీడలో రోగులను చూసేవారు. ఆమె నాటిన విత్తనమే నేటి క్రైస్తవ వైద్య కళాశాల. ఆమె సోదరుని కుమార్తె ఐడా బి. స్కడ్డర్ అక్కడే ఎక్స్-కిరణాల వైద్యనిపుణురాలిగా పనిచేశారు. గుండెను తెరచి చేసే శస్త్రచికిత్స భారతదేశంలో మొదట విజయవంతమైనది కూడా ఇక్కడే, 1961లో.

నేడు గుండె రక్తనాళం పూడుకుపోతే ప్రతిసారీ రొమ్ము కోయనక్కరలేదు. మణికట్టు దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపుతారు. దానిని కేథటర్ అంటారు. అది ఎటు పోతున్నదో కంటికి కనిపించదు. ఎక్స్-కిరణాల సాయంతో తెరమీద చూస్తూ వైద్యుడు దానిని నడిపిస్తాడు. రోగికి ఆ కిరణాలు ఏ ఒకటి రెండుసార్లో తగులుతాయి. వైద్యుడు, నర్సు, సాంకేతిక సహాయకుడు మాత్రం ఏళ్ల తరబడి వాటి సమీపంలోనే నిలబడాలి.

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. వాటి మేలు వెంటనే తెలిసింది. కీడు ఆలస్యంగా తెలిసింది. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ ఎక్స్-కిరణాల గొట్టాలను తన చేతులమీదనే పరీక్షించేవాడు. చేతులకు పుండ్లు పడ్డాయి, చేతులు తీసివేయవలసి వచ్చింది. 1904లో అతడు మరణించాడు. అటువంటివారి స్మృత్యర్థం 1936లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక స్తంభాన్ని నిలిపారు.

ఆ అనుభవాల నుండే రక్షణ సాధనాలు పుట్టాయి. సీసం బరువైన లోహం. ఎక్స్-కిరణాలను చాలావరకు అడ్డగిస్తుంది. అందుకే వైద్యసిబ్బంది సీసం కలిపిన అంగీ తొడుగుతారు, మెడకు పట్టీ కట్టుకుంటారు, సీసం కలిసిన అద్దాల కళ్లజోడు పెట్టుకుంటారు. మరి తలకో?

సాధారణంగా వైద్యుడు రోగికి కుడిపక్కన నిలబడతాడు. రోగి రొమ్ము అతనికి ఎడమవైపున ఉంటుంది. కాబట్టి అతని తలకు ఎడమభాగంలోనే కిరణాలు ఎక్కువగా తగులుతాయి. మెదడులో కంతులు ఏర్పడిన 31 మంది వైద్యుల వివరాలు 2013లో ఒక వైద్యపత్రికలో వచ్చాయి. కంతి ఏ పక్కన ఉన్నదో తెలిసినవారు 26 మంది. వారిలో 22 మందికి అది ఎడమవైపునే ఉంది. దీనివల్ల కిరణాలే కారణమని రుజువు కాలేదు. కాని జాగ్రత్త అవసరమని వైద్యలోకం గుర్తించింది. సీసంతోను, తేలికగా ఉండేందుకు బిస్మత్, బేరియంలతోను టోపీలు వాడుకలోకి వచ్చాయి.

అయితే టోపీ పెట్టుకుంటే చాలునా? చాలదు. ఎక్స్-కిరణాల గొట్టం సాధారణంగా బల్లకింద ఉంటుంది. కిరణాలు రోగి శరీరాన్ని తాకి నలుదిక్కులా చెదురుతాయి. అవి వైద్యుని తలకు పైనుండి కాక, కింది నుండి ముఖంమీదుగా వస్తాయి. పైనుండి పడే వానను గొడుగు ఆపుతుంది. గుంటలోని నీరు చింది పైకెగిరితే ఆపగలదా? టోపీ సంగతీ అంతే. అది తాను కప్పిన చోట కిరణాలను తగ్గిస్తుంది. కాని మెదడు మొత్తానికి కలిగే మేలు సగటున 3 శాతం మాత్రమేనని 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. రోగికీ వైద్యునికీ మధ్య పైకప్పు నుండి వేలాడే సీసపు అద్దాన్ని సరిగా అమర్చుకుంటే కిరణాలు ముఖానికి చేరకముందే తగ్గిపోతాయి.

అందుచేత వైద్యసిబ్బంది మూడు సూత్రాలు పాటిస్తారు. కిరణాలను అవసరమైనంతసేపే వాడాలి. వీలైనంత దూరంగా నిలవాలి. దూరం రెట్టింపైతే తాకిడి దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. తగిన అడ్డు ఉంచుకోవాలి. ఎంత కిరణశక్తి సోకిందో కొలిచే చిన్న బిళ్లను రొమ్ముమీద ధరిస్తారు. దానిని నియమిత కాలానికి పరీక్షకు పంపుతారు.

అపాయం ఉన్నదని తెలిస్తే సరిపోదు. అది ఏ దిక్కు నుండి వస్తున్నదో తెలియాలి. అప్పుడే అడ్డు సరియైన చోట నిలుస్తుంది. మన ప్రాణం కాపాడేవారి ప్రాణమూ విలువైనదే కదా!

ఆలోచించి చెప్పండి

1. రోగికంటె వైద్యసిబ్బందికి ఎక్స్-కిరణాలవల్ల ఎక్కువ జాగ్రత్త ఎందుకు అవసరం?
2. టోపీని గొడుగుతో ఎందుకు పోల్చారు?
3. మీ ఊరిలో అపాయకరమైన పని చేసేవారు ఎవరు? వారు ఏ రక్షణ సాధనాలు వాడుతున్నారో అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.