ఆడుతూనే చదువుకున్న లెఫ్ట్ బ్యాక్

ముప్పై దాటగానే పని అయిపోయే వృత్తులు కొన్ని ఉన్నాయి. ఫుట్‌బాల్ వాటిలో ఒకటి. మోకాళ్లు సహకరిస్తే ముప్పై అయిదు దాకా ఆడొచ్చు, లేదంటే ఇంకా ముందే బూట్లు విప్పేయాలి. పిల్లాడు ఆటల్లోకి వెళ్తానంటే ఇంట్లో పెద్దవాళ్లు గుండె పట్టుకునేది అందుకే. 'తర్వాత ఎలా బతుకుతాడు?' అన్న వాళ్ల ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు మహామహుల కథల్లో దొరకదు, వాళ్ల సంపాదన తరాలకు సరిపోతుంది. మధ్యరకం ఆటగాళ్ల జీవితాలు చూడాలి. ఇంగ్లండ్‌కు చెందిన గ్రాహం పాటర్ అలాంటివాడు.

1975లో బర్మింగ్‌హామ్ పక్కనున్న సోలిహల్‌లో పుట్టాడు. ఆడింది లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు రక్షణ. బర్మింగ్‌హామ్ సిటీలో మొదలై స్టోక్ సిటీ, సౌతాంప్టన్, వెస్ట్ బ్రామ్, యార్క్ సిటీ, బోస్టన్, మాకిల్స్‌ఫీల్డ్ దాకా క్లబ్బులు మారుతూ పోయాడు. ప్రీమియర్ లీగ్‌లో ఆడింది సౌతాంప్టన్ తరఫున 8 మ్యాచ్‌లే. మిగతా కాలమంతా కింది డివిజన్లలో గడిచింది. 2005లో, 30 ఏళ్లకే ఆట ముగించాడు. అక్కడితో ఆగితే అతని పేరు ఆ ఊళ్ల అభిమానులకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

కానీ అదే ఏడాది డిసెంబరులో ఓపెన్ యూనివర్సిటీ నుంచి సామాజిక శాస్త్రాల్లో డిగ్రీ అందుకున్నాడు. రిటైరయ్యాక పుస్తకం పట్టలేదు, ఆడుతూనే చదివాడు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో సాధన ఎక్కువగా పొద్దుటిపూటే అయిపోతుంది, మధ్యాహ్నం నుంచి ఖాళీ. ఆ ఖాళీని పాటర్ ఏళ్ల తరబడి చదువుకు పెట్టాడు. చేస్తున్న ఉద్యోగం జీతం ఇస్తుండగానే రెండో వృత్తికి పునాది వేసుకోవడం అంటే ఇదే. ఉద్యోగం పోయాక మొదలుపెట్టే చదువులో కంగారు ఉంటుంది. ఉన్నప్పుడు మొదలుపెట్టిన చదువుకు తీరిక ఉంటుంది, నచ్చినది ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఉంటుంది.

ఈ దారి మనకు కొత్తదేం కాదు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడితే, మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. పగలు ఉద్యోగం చేసి, ఆదివారాలు స్టడీ సెంటర్‌కు వెళ్లి డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. దూరవిద్య డిగ్రీని తక్కువచేసి చూసేవాళ్లకు పాటర్ ఉదాహరణ చెప్పండి.

అతని జీవితంలో నన్ను బాగా ఆకట్టుకునేది 2005 తర్వాతి అయిదేళ్లు. పత్రికలు ఈ ఏళ్లను రెండు వాక్యాల్లో దాటేస్తాయి, నాకేమో అసలు సంగతంతా అక్కడే ఉందనిపిస్తుంది. మాజీ ఆటగాడు చేసే మామూలు పని, తెలిసిన క్లబ్బుల చుట్టూ తిరిగి సహాయ కోచ్ కుర్చీ కోసం చూడటం. పాటర్ హల్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ అభివృద్ధి బాధ్యత తీసుకున్నాడు. తర్వాత లీడ్స్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయానికి మారి విద్యార్థి జట్లకు శిక్షణ ఇచ్చాడు. అక్కడే నాయకత్వం, భావోద్వేగ ప్రజ్ఞ మీద మాస్టర్స్ చేశాడు. మధ్యలో 2007 మహిళల ప్రపంచకప్‌కు వెళ్లిన ఘనా జట్టు సాంకేతిక బృందంలోనూ పనిచేశాడు.

విద్యార్థి జట్టుకు కోచ్‌గా ఉండటం కష్టమైన శిక్షణ. అక్కడి కుర్రాళ్లకు జీతం లేదు, కాబట్టి జట్టులోంచి తీసేస్తానని బెదిరించి పని చేయించలేం. రేపు పరీక్ష ఉంటే సాధనకు రారు. ఫలానాచోట ఎందుకు నిలబడాలో చెప్పకపోతే వినరు. అధికారంతో కాకుండా వివరణతో మనుషుల్ని నడిపించడం అక్కడ నేర్చుకోక తప్పదు. కెమెరాలు ఉండవు కాబట్టి ప్రయోగం బెడిసికొట్టినా ఉద్యోగం పోదు. మన ఇంటర్వ్యూల్లో ఇలాంటి ఏళ్లను వేలెత్తి చూపి 'ఇన్నాళ్లూ ఏం చేశావు?' అని అడుగుతారు. మీరు చిన్న కళాశాలలోనో, చిన్న కంపెనీలోనో, ఎవరూ చూడని పనిలోనో ఉంటే సిగ్గుపడకండి. అక్కడ ఏం నేర్చుకున్నారో నాలుగు మాటల్లో చెప్పగలిగేలా సిద్ధంగా ఉండండి.

2011 మొదట్లో అతను ఇంగ్లండ్ వదిలి స్వీడన్ వెళ్లాడు. ఓస్టర్‌సుండ్ అనే ఊరు, జనాభా సుమారు 50 వేలు. మంచు ఆటలకు పేరున్న ఆ చోట ఫుట్‌బాల్ జట్టు నాలుగో డివిజన్‌కు పడిపోయి ఉంది. కుటుంబాన్ని తీసుకుని అంత చలిప్రదేశానికి, అంత కింది స్థాయికి వెళ్లడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అక్కడ జట్టును మొదటినుంచీ తన పద్ధతిలో కట్టే అవకాశం దొరికింది. పెద్ద క్లబ్‌లో నాలుగో సహాయకుడికి అది ఎన్నేళ్లయినా దొరకదు. పేరుకోసం పెద్ద సంస్థలో చేరి అయిదేళ్లపాటు ఒకే చిన్న ముక్క పని చేయడమా, చిన్నచోట పని మొత్తం భుజాన వేసుకోవడమా అని తేల్చుకోలేని ఇంజినీరింగ్ పట్టభద్రులు ఈ నిర్ణయం గురించి ఆలోచించాలి. అందరికీ ఒకే జవాబు ఉండదు. నేర్చుకోవాలన్న ఆకలి ఉన్నవాళ్లకు మాత్రం రెండోదే మంచిదని నా అభిప్రాయం.

ఆ క్లబ్‌లో ఆటగాళ్లు నాటకం వేశారు, చిత్రప్రదర్శన పెట్టారు, ఊరి జనం ముందు స్వాన్ లేక్ బ్యాలే కూడా ఆడారు. కోచ్ కూడా వాళ్లతోపాటు వేదిక ఎక్కాడు. చేతకాని పని జనం ఎదుట చేసి నిలబడితే మైదానంలో భయం తగ్గుతుందన్నది దాని వెనకున్న ఆలోచన. అయిదు సీజన్లలో మూడుసార్లు పై డివిజన్‌కు ఎదిగి, జట్టు 2016లో అగ్రశ్రేణిలో ఆడింది. 2017లో స్వీడిష్ కప్ గెలిచి యూరోపా లీగ్‌కు వెళ్లింది. టర్కీ క్లబ్ గాలాటసరాయ్‌ని ఇంటికి పంపింది. 2018 ఫిబ్రవరిలో లండన్‌లో ఆర్సెనల్‌ను 2-1తో ఓడించింది. అంతకుముందు సొంతగడ్డపై 0-3తో ఓడినందువల్ల టోర్నీ నుంచి వైదొలగాల్సి వచ్చింది, అయినా ఆ గెలుపును ఇంగ్లండ్ మొత్తం చూసింది. అదే ఏడాది స్వాన్సీ, 2019లో బ్రైటన్ క్లబ్బులు అతన్ని కోచ్‌గా పిలిచాయి. బ్రైటన్‌ను 2021-22 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో తొమ్మిదో స్థానానికి చేర్చాడు. అప్పటికి ఆ క్లబ్ చరిత్రలో అదే అత్యుత్తమం.

తర్వాతి భాగం దాచకూడదు. 2022 సెప్టెంబరులో చెల్సీ అయిదేళ్ల ఒప్పందం ఇచ్చింది, ఏడు నెలలు నిండకముందే తీసేసింది. జనవరిలో కొత్త ఆటగాళ్లు గుంపుగా వచ్చిపడ్డారు, జట్టు కుదురుకోలేదు, ఫలితాలు రాలేదు. 2025 జనవరిలో వెస్ట్ హామ్‌లో చేరి సెప్టెంబరులో అక్కడా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కోచింగ్‌లోకి రావాలనుకునేవాళ్లు ఈ సంగతి తెలిసే రావాలి. ఫలితాలు చెడితే మొదట పోయేది కోచ్ కుర్చీయే. అతను ఏళ్లు తీసుకుని కట్టినచోట గెలిచాడు, వెంటనే గెలవమన్నచోట నిలవలేకపోయాడు. తన పని పద్ధతికి ఎంత గడువు కావాలో తెలిసినవాడు ఒప్పందంపై సంతకం పెట్టేముందే ఆ మాట తేల్చుకోవాలి. 2025 అక్టోబరులో స్వీడన్ జాతీయ జట్టు బాధ్యత అతని చేతికొచ్చింది. ఓస్టర్‌సుండ్‌లో అతను చేసిన పని ఆ దేశం మరచిపోలేదు.

ఇక మన దగ్గర దారి సంగతి. కోచ్ కావడానికి మాజీ స్టార్ అయి ఉండాలన్న అపోహ వదిలేయండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవారే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లిందీ ఆయన శిక్షణలోనే.

బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావడానికి బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) ఒక దారి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దానికి పీఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు ఉంటాయి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమాకు డిగ్రీతోపాటు పోటీల్లో ఆడిన అనుభవం చూస్తారు, కాబట్టి జిల్లా, యూనివర్సిటీ స్థాయి ధ్రువపత్రాలు భద్రంగా దాచుకోండి. ఫుట్‌బాల్‌కు ప్రత్యేకంగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ లైసెన్స్ తొలి మెట్లలో ఒకటి, తర్వాత సీ, బీ, ఏ, ప్రో. ఒక్కో మెట్టు మధ్య మైదానంలో పనిచేసిన అనుభవం కావాలి. లెక్కల మీద ఇష్టముంటే మ్యాచ్ వీడియో విశ్లేషణ, వైద్యం వైపు మనసుంటే ఫిజియోథెరపీ కూడా ఈ రంగంలోకి వచ్చే తలుపులే.

వీటిలో దేనికైనా దరఖాస్తు పెట్టేలోపు మీ ఊరి బడి మైదానంలో పన్నెండేళ్లలోపు పిల్లలకు సెలవురోజుల్లో ఆట నేర్పడం మొదలుపెట్టండి. ముందుగా ప్రధానోపాధ్యాయులను కలిసి అనుమతి తీసుకోండి. ఏ రోజు ఏం నేర్పారో, ఏ పిల్లవాడికి ఎక్కడ అర్థం కాలేదో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. లైసెన్స్ కోర్సులో సాధన ప్రణాళిక తయారుచేసి చూపించమని అడిగినప్పుడు ముందుగా పనికొచ్చేది ఆ నోట్‌బుక్కే.