ఉద్యోగపు వ్రాత – సైన్సు విద్యార్థి

వ్యాసాలు, ఉత్తరాలు ఆర్ట్సు వాళ్ల పని, మనకు లెక్క వస్తే చాలు అని సైన్సు విద్యార్థుల్లో చాలామంది అభిప్రాయం. కాని డిగ్రీ చేత పట్టుకొని ఏ లేబొరేటరీలోనో, ఫ్యాక్టరీలోనో, బ్యాంకులోనో చేరిన నాటినుంచీ వ్రాత తప్పదు. రిపోర్టు, రిజిస్టరు, మెమో, ఈ-మెయిలు – పేరేదైనా కానీండి, మనం కట్టిన లెక్క ఇంకొకరికి చేరేది దాని ద్వారానే.

అక్కడ లోపం జరిగితే ఏమవుతుందో చూడండి. అమెరికా వారి నాసా 1998 డిసెంబరులో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారక గ్రహానికి పంపింది. 1999 సెప్టెంబరు 23న గ్రహం దగ్గరకు చేరే వేళ అది నాశనమైంది. కారణం? ఒక బృందం బలాన్ని పౌండ్లలో లెక్కగట్టి పంపితే, రెండో బృందం ఆ అంకెలను న్యూటన్లుగా తీసుకుంది. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లు. ఇరువురూ లెక్కల్లో దిట్టలే. వారి మధ్య సమాచారం సరిగా నడవలేదని విచారణ సంఘం కూడా పేర్కొంది.

అంత దూరం పోనక్కర లేదు. మాది వ్యవసాయ కుటుంబం. ఒక మట్టి పరీక్ష కాగితం మీద ‘నత్రజని హెక్టారుకు 120 కిలోలు’ అని ఉందనుకుందాం. శాస్త్ర ప్రకారం అందులో తప్పేమీ లేదు. కాని మా నాన్నగారు పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెబుతారు. ఎరువును బస్తాల్లో కొంటారు. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అంతా యూరియాగానే వేస్తే ఎకరాకు సుమారు 106 కిలోలు, అనగా 45 కిలోల బస్తాలు రెండు, పైన 16 కిలోలు. ఈ ఒక్క వాక్యం కాగితం మీదే ఉంటే రైతు ఇంకొకరిని అడగనక్కర లేదు. చదివేది ఎవరు, చదివాక వారు చేయవలసిన పని ఏమిటి – ఈ రెండూ తెలుసుకొని వ్రాయడమే ఉద్యోగపు వ్రాతకు మూలం.

దీన్నిబట్టి నాకు తోచిన నాలుగు సూత్రాలు ఇవి.

1. విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఉద్యోగ దరఖాస్తులో ఇంటి కష్టాలు చెప్పి ‘దయతలచవలెను’ అని వ్రాసేవారున్నారు. అది అర్జీ అవుతుంది గాని దరఖాస్తు కాదు. ఏ ఉద్యోగం, ఏ ప్రకటన, మనకున్న అర్హత ఏమిటి – అడిగేవారికి కావలసింది ఇదే. అణకువ ఉండాలి, దేబిరింపు అక్కర లేదు.

2. అంకె పక్కన ప్రమాణం, తేదీలో నెల పేరు ఉండాలి. 5–6 అంటే మనకు జూన్ 5, అమెరికా వారికి మే 6. ‘త్వరలో’, ‘కొంచెం’ అనే మాటలతో పని జరగదు.

3. చూసింది వేరు, ఊహించింది వేరు. ‘ద్రావణం రంగు మారింది’ అన్నది పరిశీలన. ‘మందు కల్తీది’ అన్నది నిర్ణయం. రెండూ ఒకే వాక్యంలో కలిపితే, తర్వాత జవాబు చెప్పుకోవలసింది సంతకం పెట్టినవారే.

4. పంపే ముందు ఆ సబ్జెక్టు తెలియని ఒకరి చేత చదివించాలి. వారు ఆగిన చోట మళ్లీ వ్రాయాలి.

నిజానికి ఈ శిక్షణ మనకు కొత్తది కాదు. ఉద్దేశం, విధానం, పరిశీలనలు, ఫలితం అని ప్రాక్టికల్ రికార్డు మనకు నేర్పేది ఇదే. సీనియర్ల రికార్డు చూసి దించేసేవారు మార్కులు పొందవచ్చు గాని ఈ విద్యను పోగొట్టుకుంటారు.

ఇంగ్లీషు రాదు కనుక వ్రాత రాదని కొందరు వెనకాడతారు. తెలుగులో స్పష్టంగా చెప్పలేని సంగతి ఇంగ్లీషులోకి మారిస్తే స్పష్టం కాదు. పైగా తెలుగును అధికార భాషగా చేస్తూ మన రాష్ట్రంలో 1966లోనే చట్టం వచ్చింది. రేపు మనలో ఎవరో ఒకరు వ్యవసాయ శాఖలోనో, ఆసుపత్రి లేబులోనో కూర్చుంటారు. అప్పుడు మనం వ్రాసే కాగితం పట్టుకొని వెళ్లేవారు మన ఊళ్ల వాళ్లే. అది వారికి అర్థం కావాలంటే, మిత్రులారా, ఈ ఏడాది ప్రాక్టికల్ రికార్డునైనా ఎవరికి వారు సొంతంగా వ్రాయడం మొదలు పెడదాం.