పల్లేరు

పల్లేరుకాయ కాలికి గ్రుచ్చుకొనని రైతు మనలో లేఁడు. అయినను ముల్లు నెఱిఁగినంతగా మొక్కను మన మెఱుఁగము. దాని జీవితక్రమము తెలిసినచో దానిని తొలఁగింపఁదగిన అదను తెలియును.

పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరమున మహబూబాబాదు జిల్లాలోఁ జేరిన మన మరిపెడ ప్రాంతమునందు, ఎఱ్ఱ చెలకలలోను, బంచరాయి బీళ్లలోను, బండ్లబాటల ప్రక్కలను ఇది పెరుఁగును. నీడ దీనికి గిట్టదు. గడ్డి దట్టముగా నున్నచోట తక్కువ. మంద లెక్కువగా మేసి నేల బయటపడినచోట మెండు.

మొక్క: ఇది ఒక్క కాఱుననే మొలచి, పూచి, కాచి చచ్చును. తల్లివేరు నిలువుగా దిగును. కొమ్మలు నలుదిక్కుల నేల నంటి ప్రాకును. ఆకులు జంటలుగా నుండును; జంటలో నొకటి పెద్దది, రెండవది చిన్నది. ప్రతి యాకునందును చింతాకువలె చిఱుటాకులు రెండు వరుసలుగా నుండును. ఆకు మొదట పసుపుపచ్చని పువ్వొక్కటి పూయును. దానికి రేకు లైదు, కేసరములు పది. ఉదయమున విచ్చి, ఎండ ముదిరినపిమ్మట ముడుఁగును.

కాయ: పండిన కాయ అయిదు ముక్కలుగాఁ జీలును. ఒక్కొక్క ముక్కకు పెద్దముండ్లు రెండు, చిన్నముండ్లు రెండు గలవు. ఎట్లు పడినను ఒక ముల్లు పైకి నిలుచును. గొఱ్ఱె గిట్టకు, చెప్పునకు, బండిచక్రమునకు గ్రుచ్చుకొని విత్తనము ఊరూరఁ దిరుగును. ముక్కలోని గింజలన్నియు ఒక్కయేట మొలవవు. కొన్ని నేలలోనే కొన్నేండ్లు నిద్రించి, పిమ్మట మొలచును. కావున ఒకయేటి యశ్రద్ధ పలుయేండ్ల శ్రమయగును.

ఏనుగుపల్లేరు వేఱు మొక్క. దాని పువ్వు గొట్టమువంటిది. ఆకును నీటఁ గలిపిన నీరు జిగురగును.

గుణదోషములు: సంస్కృతమున దీనిని గోక్షురమందురు. వైద్యుల దశమూలములలో ఇది యొకటి. లేఁతమొక్కను పశువులు మేయును. కాని వాన కురిసి పిమ్మట ఎండకు వాడిన పల్లేరును విశేషముగా మేసిన గొఱ్ఱెలకు జబ్బు కలుగుట దక్షిణాఫ్రికాలో చిరకాలముగాఁ దెలిసినదే. కాలేయము చెడి, కన్నులు పచ్చఁబడి, ఎండ తగిలినకొలఁది చెవులు, మొగము వాచును. అట్టి గొఱ్ఱెను వెంటనే నీడకుఁ జేర్చి, పశువైద్యునకుఁ జూపవలయును.

నిర్మూలనము: మొలచిన మూడునాలుగు వారములకే ఇది పూయును. కావున తొలకరి మొలకలను కాయ కట్టకమునుపే వేరుమెడ క్రింద పారతోఁ గోయవలయును. ప్రతి వానకును క్రొత్తవి మొలచును. ఒక్కమాఱు కోసి విడువరాదు. కాయ కట్టిన మొక్కను గట్టుపైఁ బాఱవేయరాదు, పెంటకుప్పలోఁ గలుపరాదు. గోనెసంచిలోని కెత్తి కాల్చివేయవలయును.

ఒక్కఁడు తన చెలకను బాగుచేసికొని, బంచరాయిని విడిచినచో మంద వెంట విత్తనము తిరిగి వచ్చును. పొలమునకు గట్టు గలదు గాని పల్లేరుకాయకు లేదు. సభ్యులెల్లరు కలిసి తొలకరిని రెండుదినములు బంచరాయికై వెచ్చింతురుగాక!